పెందుర్తి స్థలమా, కొమ్మాది ఫ్లాటా?

ప్రశ్న: విశాఖ అక్కయ్యపాలెంలో 11 ఏళ్లుగా ఒకే పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. నా ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద. మా వారిది పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీ. పాప ఏడో తరగతి, బాబు రెండు. బాబుకి చలికాలంలో ఆయాసం వస్తుంది, నెబ్యులైజర్ ఇంట్లోనే పెట్టుకున్నాం. మా నాన్న నరసన్నపేట దగ్గర కొంత పొలం అమ్మి నాకు డబ్బిచ్చారు. దానికి లోను కలిపి ఇల్లు కొందామంటే ఇంట్లో రోజూ గొడవే. నేను కొమ్మాదిలో ఫ్లాట్ చూశాను. మంచి స్కూళ్లున్నాయి, నా ఆఫీసు దగ్గర, సముద్రం గాలికి చల్లగా ఉంటుంది. ఆయన పెందుర్తి వైపు 150 గజాల స్థలం చూశారు. "ఫ్లాట్‌లో నీదని చెప్పుకోడానికి ఏముంది, గాలిలో గది" అంటారు. అత్తగారిదీ అదే మాట. ఆవిడ చెల్లెలు పెందుర్తిలోనే ఉంటారు, సింహాచలం దగ్గరని కూడా. మామగారు పోయినప్పుడు ఇంటి ఓనరు లోపలికి తేవద్దన్నారు, అప్పటినుంచి ఈయనకి స్థలం పిచ్చి పట్టింది. నెలరోజులుగా సరిగ్గా మాటల్లేవు. పోనీలే అని నేనే సర్దుకుపోవాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. ఇక్కడ కుదించి ఇచ్చాం. మూడు పేజీల్లోనూ ఫ్లాటు, స్కూలు ఫీజులు, ఈఎంఐ లెక్కలు ఉన్నాయి. మామగారి సంగతి మాత్రం ఒక్క లైను, అదీ "పిచ్చి" అన్న మాటతో కలిపి. నేను చదివింది ఆ లైనే ఎక్కువసార్లు.

ఆ రాత్రి ఏం జరిగిందో మీరు రాయలేదు. కానీ ఈ ఊళ్లో అద్దెకున్నవాళ్లెవరికైనా ఊహకందుతుంది. ఆసుపత్రి నుంచి అంబులెన్స్ వస్తుంది. ఓనరు గేటు దగ్గర నిలబడి, "ఏమీ అనుకోకండి, మాకూ పిల్లలున్నారు, లోపలికి మాత్రం వద్దు" అంటాడు. రోడ్డు మీద షామియానా వేసి, బల్ల మీద పడుకోబెడతారు. వచ్చేపోయే బళ్లు పక్కనుంచి తప్పుకుని వెళుతుంటాయి. పెద్దకర్మ ఇంకెవరి ఇంట్లోనో చేసుకోవాలి. తండ్రిని అలా రోడ్డు మీద చూసిన కొడుక్కి సొంత నేల కావాలనిపించడం పిచ్చి కాదు. ఆయన ఆ మాట నోటితో అనలేక 150 గజాలంటున్నారు.

ఫ్లాటంటే ఆయన భయం ఉత్తదేం కాదని కూడా చెప్పాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇలాంటి సమయంలో పైకి తీసుకెళ్లనివ్వరు, పార్కింగులో ఉంచమంటారు. పైకి తీసుకెళ్దామన్నా స్ట్రెచర్ పట్టని లిఫ్టులు ఎన్నో. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆయన మనసులో ఏం తిరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ వైపు. మీకు ఫ్లాట్ కావాలని రాశారు గానీ, ఉత్తరంలో మీరు అడుగుతున్నది టైము. పొద్దున్న 5 గంటలకు లేచి, రెండు క్యారేజీలు కట్టి, స్కూటీ మీద హనుమంతవాక జంక్షన్ దాటి కొండెక్కి, రాత్రి 7 దాటాక ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించే మనిషి మీరు. పెందుర్తి వెళితే వేపగుంట, సింహాచలం, అడవివరం, ఆరిలోవ మీదుగా హనుమంతవాక వచ్చి, అక్కడి నుంచి ఎండాడ వైపు తిరగాలి. వానాకాలం సాయంత్రం చీకటి పడ్డాక ముడసర్లోవ దగ్గర స్కూటీ మీద రావడం ఒక్కసారి ఊహించుకోండి. ఆయనకైతే కంపెనీ బస్సు ఉంది, ఎక్కి కూర్చుంటే కునుకు తీయొచ్చు. మీకా వీలు లేదు. ఇంటికొచ్చాక రెండో డ్యూటీ మొదలయ్యేది కూడా మీకే. కాబట్టి ఎవరి ఆఫీసు వైపు ఇల్లుండాలని అడిగితే మీ వైపే అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. "సర్దుకుపోవాలా" అన్న ప్రశ్నకి జవాబు అదే, అక్కర్లేదు.

ఇక్కడ ఒక ముడి ఉంది, అది విప్పితే చాలావరకు గొడవ సడలుతుంది. ఆయనకి కావాల్సింది నేల, పెందుర్తే అని కాదు. మీకు కావాల్సింది టైము, ఫ్లాటే అని కాదు. ఇద్దరూ ఊరి పేర్లు పట్టుకుని లాక్కుంటున్నారు. మీ వైపున నేల ఉండదా? కొమ్మాది దాటాక పరదేశిపాలెం, బోయపాలెం, ఇంకా పైకి ఆనందపురం దారిలో ఇండిపెండెంట్ ఇళ్లున్నాయి. 150 గజాలు రాకపోవచ్చు, 100 గజాల్లో పాత ఇల్లు దొరకొచ్చు. గచ్చు పగిలి ఉంటుంది, వంటగది ఇరుకుగా ఉంటుంది, మేస్త్రీకి ఓ రెండు నెలలు పని ఉంటుంది. కానీ గుమ్మం ముందు తులసికోటకి చోటుంటుంది, ఏ రాత్రి ఎవరిని తెచ్చినా అడ్డుచెప్పే ఓనరు ఉండడు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని ఎన్ఏడీ జంక్షన్ దగ్గరో గోపాలపట్నం దగ్గరో తీసుకోమని మాత్రం అనను. అలా మధ్యేమార్గం చూసుకున్నవాళ్లు చాలామంది ఇద్దరూ రెండు వైపులా ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇద్దరూ చిరాగ్గా ఇంటికొస్తుంటారు.

పరవాడ దూరమవుతుంది, నిజమే. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి. కంపెనీ బస్సు మధురవాడ వైపు వస్తుందా, సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వాళ్లని ఎన్ని గంటలకి దింపుతుంది అన్నది ఆయన్నే కనుక్కోమనండి. రాదంటే ఈ సలహా మొత్తం మళ్లీ ఆలోచించాల్సిందే.

వాతావరణం విషయంలో మీ ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. వాతావరణ శాఖ మన ఊళ్లో వాల్తేరులో ఒకచోట, ఎయిర్‌పోర్టు దగ్గర ఒకచోట ఎండ కొలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పేపర్లో ఆ రెండు అంకెలూ పక్కపక్కనే చూడండి. సాధారణంగా ఎయిర్‌పోర్టుదే పైన ఉంటుంది. సముద్రానికి దూరం జరిగేకొద్దీ మధ్యాహ్నం మాడుతుంది. పెందుర్తి ఇంకా లోపలికి, కాబట్టి ఎండ సంగతిలో మీరు గెలిచారు. అయితే సముద్రం పక్కన చల్లదనంతో పాటు చెమట, తేమ, తుప్పు కూడా వస్తాయి. నేను లాసన్స్ బే ఒడ్డున అద్దెకున్న మూడేళ్లలో కిటికీ గ్రిల్ చేత్తో తడిమితే పొరలు పొరలుగా ఊడొచ్చేది. బీరువాలో పట్టుచీరలకి బూజు. కొమ్మాది తీరానికి కాస్త లోపలే కాబట్టి అంత ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పై అంతస్తుల్లో అద్దాలు పగిలి, రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక పడ్డ పాట్లు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీలు ఎటువైపున్నాయో కూడా చూసుకోండి.

బాబు ఆయాసాన్ని మాత్రం మీ ఇద్దరూ చెరో వైపు వకీలుగా పెట్టుకున్నారు. మీరు సముద్రపు గాలి మంచిదంటారు, ఆయన తేమ పడదంటారు. వాడికి ఏది పడదో చెప్పాల్సింది వాడిని చూసే డాక్టరు. దుమ్మా, తేమా, పొగా అని అడిగి కనుక్కోండి. దుమ్ము అంటే హైవే ఆనుకుని ఉన్న బిల్డింగూ వద్దు, చుట్టూ నాలుగు కట్టడాలు నడుస్తున్న కొత్త లేఅవుటూ వద్దు. ఇటు మధురవాడలోనూ అటు పెందుర్తిలోనూ అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. ఫ్యాక్టరీకి ఎంత దూరమో కూడా చూసుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి.పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ చుట్టుపక్కల జనం చీకట్లో పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తిన ఊరు మనది. మీ వారు రోజూ పనిచేసేది ఫార్మాసిటీలో, ఈ సంగతి ఆయనకి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. అడిగితే ఆయనే చెబుతారు. అసలు మాట కలపడానికి అదొక మంచి దారి కూడా.

స్కూలు. ఈ ఒక్కదానికే గడువుంది. పాప ఏడు. మారిస్తే వచ్చే జూన్‌లో ఎనిమిదికి మార్చండి. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలోనే పిల్లల పేర్లు బోర్డు దగ్గర రిజిస్టరవుతాయి, పదిలో స్కూలు మారాలంటే బోర్డు అనుమతి దాకా వెళ్లాలి. స్కూలు ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీలు చూడకండి. సాయంత్రం వదిలే టైముకి గేటు దగ్గర పావుగంట నిలబడండి, పిల్లల మొహాలు చూస్తే మీకే తెలుస్తుంది. బస్సు డ్రైవర్ని రూటు అడగండి. పొద్దున్న అందరికన్నా ముందు ఎక్కేది మీ పిల్లలే అయితే, స్కూలు 4 కిలోమీటర్లున్నా వాళ్లు బస్సులో గంట కూర్చుంటారు. అన్నట్టు, పాపకి పన్నెండేళ్లు. తను ఏమంటోందో మూడు పేజీల్లో ఎక్కడా లేదు.

మీ వారు చూసిన స్థలం గురించి ఒక హెచ్చరిక. పెందుర్తి "వైపు" అన్నారు, ఏ ఊరి పొలిమేరలోకి వస్తుందో రాయలేదు. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ పంచగ్రామాల భూములకి సింహాచలం దేవస్థానంతో ఉన్న వివాదం ఈనాటిది కాదు. ఇళ్లు కట్టుకుని ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు కూడా రిజిస్ట్రేషన్ లేక అవస్థ పడ్డారు. రేటు తక్కువ చెబుతున్నారంటే ముందు సర్వే నంబరు తీసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూపించుకోండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), లేఅవుట్ అనుమతి నంబరు లాయరు చేత చూపించండి. పక్కన గెడ్డ, అంటే వాగు ఉందేమో చూడండి. ఎండాకాలంలో అది కాలిబాటలా కనిపిస్తుంది, వానల్లో మీ వాకిట్లోకొస్తుంది. మా వైపు కొనబోయే ఇంటికీ ఇవే జాగ్రత్తలు, కొండవాలు కింద అయితే మరీనూ. "మా వైపు" అనేశాను చూశారా, నేనూ ఎండాడ మనిషినే. నా సలహాలో ఆ పక్షపాతం ఉంటే కాస్త తీసేసి చదువుకోండి.

అత్తగారి సంగతి నాకంత కష్టంగా తోచలేదు. చెల్లెల్నీ, సింహాచలం అప్పన్ననీ దూరం చేస్తారేమోనన్న బెంగే ఆవిడది. కొమ్మాది నుంచి హనుమంతవాక, అడవివరం మీదుగా కొండకి దారి ఉంది. నెలకోసారి దర్శనం చేయించి, రెండు రోజులు చెల్లెలి దగ్గర వదిలి రావడం మీ వారి పని అని ముందే మాట తీసుకోండి. మీ నెత్తినేసుకోకండి.

డబ్బు గురించి మీరు మొహమాటపడుతూ రాశారు. పొలం అమ్మి ఇచ్చింది మీ నాన్నగారు. ఇల్లు ఎక్కడ కొన్నా దస్తావేజులో మీ పేరు ఉండాలి, మీ ఇద్దరి పేర్లూ ఉంటే మరీ మంచిది. మీ నాన్నగారి డబ్బు మీ ఖాతాలోంచే చెక్కు రూపంలో వెళ్లాలి. ఇది అనుమానంతో చెప్పడం లేదు. గొడవలో ఉన్నప్పుడు అడిగితే దెప్పినట్టుంటుంది కాబట్టి, మాటలు కలిసిన రోజున మామూలుగా చెప్పండి.

ఇప్పుడే కొనకండి. వీలైతే వచ్చే ఏప్రిల్లో కొమ్మాది, మధురవాడ మధ్య ఎక్కడైనా ఒక ఏడాదికి అద్దెకి దిగండి. 11 ఏళ్లు అద్దెకున్నవాళ్లకి ఇంకో ఏడాది ఎక్కువేం కాదు. ఆ ఏడాదిలో ఒక మే నెల, ఒక వానాకాలం, బాబుకి ఒక చలికాలం చూస్తారు. ఆయన సి షిఫ్టు దిగి ఇంటికి రావడం చూస్తారు. ఏ వీధిలో బోరు ఎండుతుందో, వారానికి ఎన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్లే చెబుతారు. బ్రోకరు ఈ మాటలు చెప్పడు. సెలవు రోజున ఇద్దరూ కలిసి ఇండిపెండెంట్ ఇళ్లు చూడండి, ఫ్లాట్లు వద్దు. అలా చూడ్డం మొదలుపెడితేనే ఆయనకి మీరు తన మాట విన్నారని తెలుస్తుంది. అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఓనర్ని ఒక్క మాట అడగండి: ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, రేపు ఏదైనా జరిగితే మీకు అభ్యంతరమా అని. మొహాన అడగడానికి ఇబ్బందే. మీ వారి ఎదుట, ఆ మాట మీరే అడగండి.

పెందుర్తి స్థలానికి అడ్వాన్సు ఇవ్వలేదని రాశారు కాబట్టి తొందరేం లేదు. ఈ ఆదివారం ఆయనకి సెలవైతే, పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి ఇద్దరూ బయటికి వెళ్లండి. ఫ్లాట్ కాగితాలు ఇంట్లోనే వదిలేయండి. మామగారు పోయిన రాత్రి గురించి అడగండి. ఆయన టక్కున చెప్పరు, మాట మార్చేస్తారు. మళ్లీ అడగండి.