చేపకి వైద్యం చేస్తానంటున్న మా చిన్నీకి

చిన్నీ,

నీ గోల్డ్‌ఫిష్ తోక మీద తెల్లగా దూదిలాగ ఏదో పట్టిందనీ, నువ్వే మందేసి బాగుచేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఒక ఆడపిల్ల ఓ చేప కోసం ఇంత తాపత్రయపడతందంటే నాకు ఎంత గర్వంగా ఉందో, నిద్ర పట్టనంత భయం కూడా అంతే ఉంది. ఇది చదివాకే బజారుకెళ్లు.

ముందు అది ఫంగసేనా చూడు. పోగులు పోగులుగా లేచుంటే ఫంగసే, సాప్రోలెగ్నియా అంటారు. విడివిడిగా తెల్ల చుక్కలైతే ఇక్, అది వేరే జబ్బు. మొప్ప మూతల మీదా ముందు రెక్కల అంచునా చిన్న బుడిపెలుంటే మగచేపకి జతకట్టే టైములో వచ్చేవి అయ్యుండొచ్చు, అది జబ్బే కాదు. నోటి చుట్టూ తెల్లగా పట్టి గబగబా పెరుగుతుంటే మాత్రం కాలమ్నారిస్ అని అనుమానించు, అది బ్యాక్టీరియా, ఫంగస్ మందుకి లొంగదు, పశువుల డాక్టర్ని అడగాల్సిందే.

జబ్బు చేపని విడిగా ఉంచడానికి ఇరవై లీటర్ల టబ్బు ఒకటి తీసుకో, ఎయిర్ స్టోన్, అదే గాలి బుడగలు వదిలే రాయి, పెట్టు. చేపని వలతో పట్టకు, ఒంటి మీద జిగురు పోతాది, గిన్నెతో తీయ్. ఆ దూదిని పీకకు.

ఇప్పుడు అసలు మాట. మందు పెద్ద ట్యాంకులో పొయ్యకు తల్లీ. మీ నాన్న ఇంటర్ చదివే రోజుల్లో విజయనగరం మూడు లాంతర్ల దగ్గర అద్దింట్లో ఉండేవాళ్లం, ఆడి ట్యాంకులో నాలుగు చేపలు, ఒకదానికి ఫంగస్. ఎవడో చెప్పాడని మిథిలీన్ బ్లూ సీసా తెచ్చి ట్యాంకులోనే కుమ్మరించేశాడు, నీళ్లన్నీ నీలంగా మారిపోతే మందు పట్టిందని ఎంత సంబరపడ్డాడో. కానీ ఆ మందు ఫంగస్‌తో ఆగదు, ఫిల్టర్ స్పాంజిలో ఉండి అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తాది. చేపలేమో మొప్పల్లోంచి అమ్మోనియా వదుల్తానే ఉంటాయి, అది వాటికే విషం. కొన్నాళ్లకే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలెట్టాయి. ఆడు కంగారుపడి నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడిగి, మున్సిపాలిటీ నీళ్లు నేరుగా పట్టేశాడు, అందులో క్లోరిన్. జబ్బుతో ఉన్నదే కాదు, నిక్షేపంలా ఉన్న మూడూ పోయాయి. అన్నం ముట్టుకోలేదు, మళ్లీ ఈ రోజు దాకా చేపని పెంచలేదు. ప్రేమ లేక కాదమ్మా, పక్కన చెప్పేవాళ్లు లేక. ఆడి దగ్గర ఈ సంగతి ఎత్తకు, ఇప్పటికీ బాధపడతాడు.

ముందు ఉప్పుతోనే మొదలెట్టు. అయోడిన్ కలపని కల్లుప్పు, మన నౌపడ ఉప్పయినా సరే. లీటరుకి 1 గ్రాము లెక్కన మగ్గులో కరిగించి టబ్బులో పొయ్యి, పన్నెండు గంటలాగి ఇంకో గ్రాము, మళ్లీ పన్నెండు గంటలకి ఇంకోటి, లీటరుకి 3 గ్రాములు దాటకు. రోజూ సగం నీళ్లు మార్చు, తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే కలుపు, ఉప్పు ఆవిరైపోదు కదా. కొత్త నీళ్లలో క్లోరిన్ తీసే మందు వెయ్యి, చల్లదనం రెండింటికీ ఒకేలా ఉండాలి. తగ్గకపోతే అప్పుడు మిథిలీన్ బ్లూ, సీసా మీద రాసినంతే, టబ్బులోనే.

అసలు ఫంగస్ ఎందుకొచ్చింది? దాని విత్తులు ఏ నీళ్లలోనైనా ఉంటాయి, దెబ్బ తగిలిన చోటా, నీళ్లు పాడై నీరసపడ్డ ఒంటి మీదా పట్టుకుంటాది. అమ్మోనియా టెస్ట్ చెయ్యి, సున్నా ఉండాలి. ఆ గుండ్రటి గాజు గిన్నెలో పెంచట్లేదు కదా? పెంచుతుంటే నీతో మాట్లాడను. ట్యాంకులో మొనతేలిన రాళ్లుంటే తీసేయ్, మేత తగ్గించు.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొను. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ జిల్లాలో కరెంటు లేక జనం ఎన్ని పాట్లు పడ్డారో నువ్వు మర్చిపోయావేమో గాని నేను మర్చిపోలేదు.

ఏ మందూ కొనకముందు తోకా నోరూ బాగా కనపడేలా పగటి వెలుతుర్లో ఫొటోలు తీసి నాకు పంపు, ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న