టెక్ సందేహాలు: షాపు ట్యాలీని వెబ్‌సైట్‌తో కలపడం ఎలా?

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల షాపు. బిల్లులు ట్యాలీ ప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వేస్తాం, ఆన్‌లైన్ అమ్మకాలు వూకామర్స్ (ఆన్‌లైన్ షాపు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లో. కౌంటర్లో అమ్మేసిన చీరకే సైట్లో మళ్లీ ఆర్డర్ వస్తోంది. ఎక్సెల్ చాలని ఒకరు, ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ మరోదానితో మాట్లాడే దారి) ద్వారా కలిపే ప్రోగ్రాము రాయించమని మరొకరు, రెండు డేటాబేస్‌లూ నేరుగా కలిపేస్తామని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: మూడో ఆయనకు దండం పెట్టి పంపేయండి. వూకామర్స్ డేటాబేస్‌లోని టేబుల్లోకి (సమాచారం దాచే పట్టికలోకి) నేరుగా చొరబడి స్టాక్ అంకె మార్చితే, ఆ మార్పు వెంట వూకామర్స్ చేసుకోవాల్సిన మిగతా పనులు జరగవు. లోపల సున్నా, పేజీలో మాత్రం ఇంకా అమ్మకానికి ఉన్నట్టే. పైగా టేబుళ్ల అమరిక ఎప్పుడైనా మారొచ్చు. 2023లో 8.2 వెర్షన్ నుంచి కొత్త సైట్లలో ఆర్డర్లు వేరే టేబుళ్లలోకి వెళ్లిపోయాయి. పాత టేబుళ్లనే నమ్ముకుని రాసిన ప్రోగ్రాములకు అక్కడ ఆర్డర్లు దొరకవు.

ఎక్సెల్ ధరల పట్టికలకు, నెలాఖరు లెక్కలకు బాగుంటుంది. పొద్దున ఎక్కించిన ఫైలు మధ్యాహ్నానికి పాతదైపోతుంది కాబట్టి స్టాకుకు పనికిరాదు. ఇంకో చిక్కు: సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 13 అంకెల బార్‌కోడ్‌ను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది. అలాగే సేవ్ చేశారా, చివరి అంకెలు గల్లంతు. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేసుకోవాలి.

మిగిలింది ఏపీఐ. వేరే ప్రోగ్రాము ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ రూపంలో అడిగితే ట్యాలీ జవాబిస్తుంది, మామూలుగా 9000 పోర్టులో (కంప్యూటర్లోకి ప్రోగ్రాములు మాట్లాడుకునే నంబరు వేసిన ద్వారం). కాకపోతే ట్యాలీ తెరిచి, మీ కంపెనీ లోడ్ అయి ఉండాలి. ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. షాపు కంప్యూటర్లోనే చిన్న ప్రోగ్రాము పెట్టించండి. అది ఐదు నిమిషాలకోసారి ట్యాలీ స్టాకును సైటుకు పంపి, సైట్లోని కొత్త ఆర్డర్లను తెచ్చుకుంటుంది. స్టాక్ విషయంలో ట్యాలీ మాటే చెల్లాలి, ఆర్డర్ల విషయంలో సైటు మాట. ఒకే అంకెను రెండు వైపులా దిద్దనిస్తే ఏది సరైనదో ఎవరికీ తెలియదు.

ఇంత చేసినా ఆ ఐదు నిమిషాలు మిగిలే ఉంటాయి. పైగా బిల్లు వేసేదాకా చీర అమ్ముడైనట్టు ట్యాలీకి తెలియదు. ఒక డిజైన్‌లో ఇరవై ఉంటే ఇబ్బంది లేదు. మీవేమో ఎక్కువగా ఒక్కో పీసే కదా! అలాంటివాటికి ట్యాలీలో 'వెబ్‌సైట్' పేరుతో వేరే గోడౌన్ తెరిచి, ఆ చీరలను విడిగా బీరువాలో పెట్టి తాళం వేయండి. కౌంటర్లో ఎవరైనా అదే కావాలంటే ముందు సైట్లోంచి తీసేసి, ఆ తర్వాతే చూపించండి. ప్రోగ్రామర్‌కు నచ్చకపోవచ్చు గానీ, ఖర్చు లేదు. ఏపీఐని ఎక్కువ పీసులున్న రకాలకు వాడుకోండి.

ప్రశ్న: కోడ్ రాయకుండా యాప్‌లను కలిపే సాధనాలు జాపియర్, ఎన్‌8ఎన్‌లలో ఏది తీసుకోవాలి?

జవాబు: జాపియర్‌లో నెలకు ఎన్ని పనులు నడిచాయన్నదాన్ని బట్టి బిల్లు పెరుగుతుంది. రోజుకు నాలుగైదు ఆర్డర్లు గూగుల్ షీట్‌లోకి వెళ్తే చాలనుకుంటే హాయిగా అదే వాడండి. ఎన్‌8ఎన్‌ను సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు, కానీ దాని అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీ నెత్తిమీదే. చూసుకునే మనిషి లేకపోతే దాని జోలికి వెళ్లకండి.