ఓపెన్ డిగ్రీతో లా సీటు వస్తుందా?

ప్రశ్న: నేను ఇంటర్ రెగ్యులర్‌గా చదివి, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను. 47 శాతం మార్కులు వచ్చాయి. తెలంగాణ లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చా?

జవాబు: నిశ్చింతగా రాయండి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు కాదనేది పది, ఇంటర్ లాంటి మెట్లు ఎక్కకుండా, అర్హత పరీక్షతో నేరుగా ఓపెన్ డిగ్రీలో చేరినవారిని. మీకు ఇంటర్ ఉంది కాబట్టి ఆ అడ్డంకి లేదు. డిగ్రీలో జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి.

పరీక్షలో 120 ప్రశ్నలకు 90 నిమిషాలే సమయం. అందులో 60 ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచి మీదే ఉంటాయి కాబట్టి రాజ్యాంగం ముందు చదవండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఏదీ వదలొద్దు. 42 మార్కులొస్తే అర్హత. ఈ పరీక్షలో ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు.

మీలాంటివారు చిక్కుకునేది కౌన్సెలింగ్‌లో. ఓపెన్‌లో చదివిన ఏళ్లకు కాలేజీ స్టడీ సర్టిఫికెట్ ఉండదు, స్థానికత నిరూపించుకోలేరు. తహసీల్దార్ నుంచి ఏడేళ్ల నివాస ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. ఇంటర్ మెమో ఒరిజినల్ కూడా వెతికి పెట్టుకోండి. ఓపెన్ డిగ్రీ చూడగానే ముందు అడిగేది దాన్నే.