పెస్ట్ కంట్రోల్ లైసెన్స్ వచ్చాక తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్

చిరంజీవి శ్రీనుకు ఆశీస్సులు.

రాజేంద్రనగర్‌లో 15 రోజుల శిక్షణ పూర్తయి, వ్యవసాయ శాఖ నుంచి లైసెన్స్ చేతికొచ్చిందని విని చాలా సంతోషించాను. దరఖాస్తులో ఇన్సూరెన్స్ కాగితం అడగలేదు కదా అని దాన్ని పక్కన పెట్టకు. రేపు ఏ ఆస్పత్రికో హోటల్‌కో కొటేషన్ ఇవ్వబోతే ముందు అడిగేది అదే. అంతకన్నా ముఖ్యం, నీ కుర్రాళ్లు రోజూ విషం పట్టుకుని పనిచేస్తారు.

ముందు వాళ్ల సంగతి చూడు. పదిమంది చేరితే 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, వర్తిస్తుంది. నీ దగ్గర నలుగురే కాబట్టి పనిలో ఎవరికేం జరిగినా పరిహారం నీ నెత్తినే పడుతుంది. ప్రాణం పోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే ఫ్యాక్టర్‌తో హెచ్చిస్తారు. ముప్పై ఏళ్ల మనిషికి అది 207.98. జీతం 15,000 అనుకుంటే 7,500ని దాంతో హెచ్చించు, 15,59,850 రూపాయలు తేలుతుంది. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. జరిమానాను ఇన్సూరెన్స్ కంపెనీ భరించదు. అందుకే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ అన్నిటికన్నా ముందు తీసుకో. ప్రీమియం తగ్గుతుందని జీతాలు తక్కువ చూపిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. వైద్య ఖర్చులు, వృత్తి వల్ల వచ్చే జబ్బులు, సీజన్లో తెచ్చుకునే రోజు కూలీలు, ఈ మూడూ పాలసీలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అడిగి చేర్పించు.

రెండోది పబ్లిక్ లయబిలిటీ, అంటే మన పని వల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే ఆ పరిహారం భరించే పాలసీ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాలసీ ఉంటుంది, లోపల మినహాయింపుల్లో 'కాలుష్యం వల్ల కలిగే నష్టం' అని ఒక్క లైను ఉంటుంది. చెదల మందు పక్కింటి సంపులోకి దిగినా, గ్యాస్ పై అంతస్తుకు పాకినా కంపెనీ ఆ లైనే చూపిస్తుంది. మన పనిలో జరిగే ప్రమాదాల్లో చాలావరకు ఆ బాపతువే కదా! 'ఆకస్మిక, ప్రమాదవశాత్తు కాలుష్యం' వర్తించేలా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే సవరణ, రాయించుకో. ఏజెంటు నోటిమాట చెల్లదు. నీ అధీనంలో ఉన్న సరుకు కూడా సాధారణంగా మినహాయింపే. గోడౌన్లో బియ్యం బస్తాలకు టార్పాలిన్ కప్పి ఫ్యూమిగేషన్ (విషవాయువు పట్టించి పురుగుల్ని చంపడం) చేస్తుంటే ఆ బియ్యం ఆ లెక్కలోకే వస్తుందనే వాదన ఉంటుంది. దాని గురించీ ముందే తేల్చుకో.

పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో పనిని ఉన్నదున్నట్టు రాయి. 'జనరల్ పెస్ట్ కంట్రోల్' అని రాసి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు వాడితే ఆ పాలసీ ఉండీ లేనట్టే. మూడు గ్రాముల మాత్ర నుంచి సుమారు ఒక గ్రాము ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. చిన్న పగులు, డ్రైనేజీ పైపు, ఏసీ డక్ట్, ఏ దారి దొరికినా పక్క గదిలోకి పోతుంది. ఫ్యూమిగేషన్‌కు అనుమతి కూడా వేరే కాబట్టి అది చేతిలో లేకుండా ఆ పని ఒప్పుకోవద్దు.

చెదల గ్యారంటీ మాటేమిటంటావా? గోడ వెంట 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు పోస్తాం. ఆ డ్రిల్లు లోపలి పైపుకో వైరుకో తగిలి ఇల్లు పాడైతే లయబిలిటీ పాలసీ కిందికి వస్తుంది. చెదలు మళ్లీ వస్తే తిరిగి చేసే ఖర్చు మాత్రం పూర్తిగా నీదే. ఐదేళ్ల గ్యారంటీ రాసిచ్చే ముందు ఆ ఖర్చు రేటులో కలుపుకో.

లయబిలిటీ పాలసీలు ఎక్కువగా పని చేసిన తేదీని కాదు, క్లెయిమ్ వచ్చిన తేదీని పట్టి నడుస్తాయి. రెన్యువల్ మధ్యలో తెగితే పాత పనుల రక్షణ పోతుంది. ప్రీమియం కంపెనీకి చేరనిదే రిస్క్ మొదలవదు, కాబట్టి చెక్కు ఇచ్చాం కదా అని పనిలో దిగొద్దు.

ప్రతి పనికీ జాబ్ కార్డు రాయించు: మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని మిల్లీలీటర్లు ఎన్ని లీటర్ల నీళ్లలో కలిపారు, లోపలికి వెళ్లిన టైము, తలుపులు తెరిచిన టైము, కస్టమర్ సంతకం. ఏదైనా జరిగితే మనిషిని ఆస్పత్రికి చేర్చి, అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయి. వాళ్ల అనుమతి లేకుండా 'తప్పు మాదే' అని వాట్సాప్‌లో కూడా రాయకు. చాలా పాలసీల్లో ఆ ఒక్కటి చాలు క్లెయిమ్ కొట్టేయడానికి.

రెండు మూడు కంపెనీల దగ్గర కొటేషన్లు తీసుకుని, వాటి మినహాయింపుల పేజీలు ఫొటో తీసి నాకు పంపు. డబ్బు కట్టేముందు కూర్చుని చూద్దాం.

మీ బాబాయి