ఏడు శాతం వృద్ధి చూసి డబ్బు పెట్టకు

అబ్బాయ్,

ఎమర్జింగ్ మార్కెట్ల (చైనా, ఇండియా, బ్రెజిల్ లాంటి ఎదుగుతున్న దేశాల) ఫండ్‌లో డబ్బు పెడతానని, "ఆ దేశాలు ఏడు శాతం లెక్కన పెరుగుతున్నాయి కదా బాబాయ్" అని రాశావు. పెట్టొద్దని అనను, కానీ నువ్వు చెప్పిన కారణం మాత్రం తప్పు. నేనూ ఒకప్పుడు అదే కారణంతో దిగి, ఏళ్ల తరబడి అసలు కోసం ఎదురుచూశాను.

చైనానే తీసుకో. గత ముప్పై ఏళ్లలో అంతలా పెరిగిన పెద్ద దేశం ఇంకోటి లేదు. అయినా చైనా కంపెనీల షేర్ల ధరలు మొత్తంగా ఎలా ఉన్నాయో చూపే ఎంఎస్‌సీఐ చైనా సూచీ 1992 చివర 100 దగ్గర మొదలైంది, డివిడెండ్లు వదిలేసి చూస్తే, 2024 మొదట్లో కూడా 100 కిందే ఉంది. ఎందుకంటే కంపెనీలు ఎప్పటికప్పుడు కొత్త షేర్లు అమ్ముకుంటూ పోయాయి, లాభం పెరిగినా పంచుకునేవాళ్లు అంతకంటే ఎక్కువయ్యారు. పైగా చాలా పెద్ద కంపెనీలు ప్రభుత్వానివి, వాటికి వాటాదారుడి లాభం ఒక్కటే లెక్క కాదు. జీడీపీ దేశానిది, నీకొచ్చేది నీ షేరు మీద లాభం. ఈ రెండూ కలిసే నడవాలని ఎక్కడా లేదు.

ఇక కరెన్సీ. షేరు అక్కడ 20 శాతం పెరిగి, ఆ దేశపు డబ్బు విలువ 25 శాతం పడిందనుకో, నీకు మిగిలేది 10 శాతం నష్టం. థాయ్‌లాండ్‌లో ఏళ్లపాటు డాలరుకు దాదాపు 25 బాత్‌లు ఉండేది, అదెప్పటికీ కదలదని నమ్మి అక్కడివాళ్లు చవగ్గా దొరికిన డాలర్ అప్పులు, అదీ ఏడాదిలోపు తీర్చాల్సినవి, తెచ్చి బిల్డింగుల మీద పోశారు. 1997 జులై 2న ఆ ధర నిలబెట్టలేక ప్రభుత్వం చేతులెత్తేసింది. 1998 జనవరికి డాలరు 50 బాత్‌లు దాటింది, అంటే బాత్‌లలో చూస్తే ఆ అప్పులు రెట్టింపయ్యాయి. అప్పటిదాకా అందరూ మెచ్చుకున్న వృద్ధే అది!

అందుకే విదేశీ డబ్బు వస్తోందనగానే సంబరపడకు, ఏ రకం డబ్బో అడుగు. ఫ్యాక్టరీ కట్టినవాడు రాత్రికి రాత్రి దాన్ని విప్పుకుని పోలేడు, షేర్లూ బాండ్లూ కొన్నవాడు ఒక్క బటన్ నొక్కి పోతాడు. 2013 మేలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ చైర్మన్ బెర్నాంకీ, మార్కెట్లోకి డబ్బు వదలడానికి చేస్తున్న బాండ్ల కొనుగోలు తగ్గించవచ్చు అన్నాడంతే, తగ్గించనుకూడా లేదు, డబ్బు వెనక్కి పోతుందన్న భయంతో ఇండియా, ఇండోనేషియా, బ్రెజిల్, టర్కీ, దక్షిణాఫ్రికా కరెన్సీలు వణికిపోయాయి. ఈ ఐదూ అప్పట్లో కరెంట్ అకౌంట్ లోటుతో, అంటే విదేశాల నుంచి వచ్చే రాబడి కంటే విదేశాలకి కట్టేది ఎక్కువై, బయటి డబ్బు మీద బతుకుతున్నవే.

కాబట్టి ముందు రెండు అంకెలు చూడు: కరెంట్ అకౌంట్ లోటు ఎంత, ఏడాదిలో తీర్చాల్సిన విదేశీ అప్పుకి సరిపడా విదేశీ మారక నిల్వలు ఆ దేశం దగ్గర ఉన్నాయా. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ఒక్కో దేశం ఆర్థిక పరిస్థితి మీద రాసే ఆర్టికల్ 4 నివేదికల్లో ఇవి ఉచితంగానే దొరుకుతాయి, చదవడానికి బోర్ కొడతాయి గానీ చదువు. అమ్ముకునే దారి ఉంటుందా అనేది కూడా ఆలోచించు. 2022 మార్చిలో రష్యా షేర్లు అమ్ముకోలేక విదేశీయులు ఇరుక్కుపోయారు, ఎంఎస్‌సీఐ వాటిని దాదాపు సున్నా ధరకి సూచీల్లోంచి తీసేసింది.

ఫండ్ పేరు చూసి డజన్ల దేశాల్లో పెడుతున్నాననుకుంటావేమో, చాలావాటిలో సగానికి పైగా చైనా, తైవాన్, ఇండియా, కొరియాలే ఉంటాయి. ఐదారేళ్లలో అవసరపడే డబ్బయితే అసలు ముట్టుకోకు. మిగతాదానిలో చిన్న భాగం, అదీ విడతలవారీగా పెట్టు. నీ ఫండ్‌లో ఏ దేశానికి ఎంత శాతమో రాసి పంపు, చూసి చెప్తాను.

మీ బాబాయ్