పాత లెన్సులు అప్పుడే అమ్మకు, చిన్నా

కాకినాడ

చిరంజీవి చిన్నాకి,

అత్త ఆశీస్సులు. నిన్న వదిన ఫోన్ చేసి, మాటల్లో మాటగా నువ్వు నికాన్ సామానంతా అమ్మేసి సోనీకి మారిపోతున్నావని చెప్పింది. కొనేవాడు కూడా దొరికాడట, ఈ నెలాఖరుకే ఇచ్చేస్తావట. అన్నయ్య ఏమన్నాడని అడిగాను. "ఆయన ఏమీ అనలేదు, లేచి వరండాలోకి వెళ్ళిపోయారు" అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగంలోనే పెట్టేస్తావు.

ముందు సంతోషం సంగతి. అమీన్‌పూర్ చెరువు దగ్గర నువ్వు తీసిన లకుముకి పిట్ట ఫొటో, ముక్కులో చేప అడ్డంగా ఉన్నది, పెద్ద సైజులో ప్రింట్ తీయించి హాల్లో పెట్టాను. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మా మేనల్లుడు తీశాడని చెబుతున్నాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లాడు ఆదివారం చీకటితోనే లేచి చెరువు గట్టుకు వెళ్తున్నాడంటే నాకు ఎంత గర్వమో నీకు తెలియదు. ఆ అలవాటు పోతుందేమోనన్నదే నా టెన్షన్. కెమెరాకేముంది, ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇప్పుడున్న నీ నికాన్ డి7500 కెమెరా వల్ల నీకు దక్కకుండా పోయిన ఫొటో ఏది? "ఫోకస్ సరిగ్గా పడటం లేదత్తా" అని గంపగుత్తగా చెప్పకు. పాడైన ఫొటోలన్నీ ఒక రాత్రి కూర్చుని పెద్దవి చేసి చూడు. పిట్ట మసకగా ఉండి వెనకున్న కొమ్మ స్పష్టంగా వస్తే అది ఫోకస్ తప్పు. పిట్ట మొత్తం ఒక పక్కకి చెరిగిపోయినట్టుంటే షట్టర్ స్పీడు చాలలేదన్నమాట. ఎగిరేవాటికి సెకనులో 2000వ వంతు దాకా పెంచు, ఐఎస్ఓ, అంటే వెలుతురుకి స్పందించే గుణం, పెరిగి కాస్త గరుకుగా వచ్చినా ఫర్వాలేదు. ఇక ఏదీ స్పష్టంగా లేకుండా ఫొటో అంతా వణుకుతున్నట్టు ఉందనుకో, అది ఎండ చేసిన పని. కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతుల్ని 11 గంటలకు తీశానన్నావు చూడు, వాటిలో చాలా వరకు ఇలాగే ఉంటాయి. నీళ్ళ మీద వేడి గాలి లేచాక దూరంగా ఉన్న పిట్టని లక్షలు పోసి కొన్న లెన్సు కూడా స్పష్టంగా తీయలేదు. పొద్దున్నే వెళ్ళాలి, వీలైనంత దగ్గరగా ఉండాలి. దానికి కొత్త కెమెరా అక్కర్లేదు.

మొదటి రకం తప్పులే ఎక్కువుంటే మాత్రం నీ ఆలోచన న్యాయమైనదే, నేను కాదనను. డి7500 2017లో వచ్చింది. దాని 51 ఫోకస్ పాయింట్లు ఫ్రేము మధ్య భాగంలోనే ఉంటాయి. వ్యూఫైండర్లోంచి చూస్తూ తీసేటప్పుడు పిట్ట కన్నుని అదే వెతికి పట్టుకోవడం దానికి రాదు. నువ్వు కోరుకుంటున్న సోనీ ఏ6700కి వచ్చు. కానీ నాన్నా, ఆ విద్య సోనీ ఒక్కదానిదే కాదు. 2024లో వచ్చిన నికాన్ జెడ్50 టూ కూడా పిట్టల్ని గుర్తుపడుతుంది. మధ్యలో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్, అంటే పాత నికాన్ లెన్సుని కొత్త బాడీకి కలిపే ముక్క, తగిలిస్తే నీ 200-500 జూమ్ లెన్సు దాని మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. సోనీ బాడీలోనే షేక్ తగ్గించే ఏర్పాటు ఉంది, జెడ్50 టూలో లేదు, నిజమే. నీ 200-500లో అది లెన్సులోనే ఉంది కాబట్టి పిట్టల వరకు నీకు ఇబ్బంది లేదు. సోనీకి వెళ్తే బాడీతో ఆగదు. సోనీ 200-600 లెన్సు కొనాలి, బ్యాటరీలు కొనాలి, ఫ్లాష్ కొనాలి. మెనూలన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. చివరికి లెన్సు తిప్పి బిగించే దిక్కు కూడా నికాన్‌కి వ్యతిరేకమే.

ఇప్పుడు మీ నాన్న నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

నువ్వు పుట్టకముందు అన్నయ్య దగ్గర నికాన్ ఎఫ్ఎమ్2 ఉండేది. కువైట్ నుంచి వచ్చిన చుట్టాల చేత తెప్పించుకున్నాడు. వెలుతురు కొలిచే మీటరుకి తప్ప బ్యాటరీతో పనిలేని కెమెరా అది. దాంతో 50 ఎమ్ఎమ్ ఎఫ్ 1.8 లెన్సు, తర్వాత 105 ఎమ్ఎమ్ ఎఫ్ 2.5 లెన్సు. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. ఒక్కొక్కటీ జీతంలో మిగుల్చుకుని కొన్నవే. వంటింటి కిటికీ దగ్గర మామ్మ బియ్యం ఏరుతున్న ఫొటో మీ ఇంట్లో ఉంది కదా, అది ఆ 105తో తీసిందే. ఫ్లాష్ లేదు, ఏమీ లేదు, కిటికీలోంచి పడే వెలుతురు ఒక్కటే. మామ్మకి తీస్తున్నట్టు కూడా తెలియలేదు.

90ల్లో ఒక పెళ్ళిలో ఆఫీసు స్నేహితుడు ఆటోఫోకస్ కెమెరా తెచ్చాడు. బటన్ సగం నొక్కగానే లెన్సు దానంతటదే తిరిగి ఆగేది. ఆ రాత్రి అన్నయ్యకి నిద్ర పట్టలేదు. ఇంక కంపెనీయే మార్చేయాలన్నాడు. విడివిడిగా అమ్మితే ఆలస్యమవుతుందని బ్యాగు మొత్తం ఒక స్టూడియో వాళ్ళకి ఒకే సాయంత్రం, వాళ్ళు చెప్పిన రేటుకే ఇచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను. 105 ఒక్కటైనా ఉంచుకో అన్నయ్యా అన్నాను. "ఆ లెన్సు దీనికి పట్టదమ్మా, ఉంచుకుని ఏం చేస్తాను?" అన్నాడు. మాట నిజమే.

వచ్చిన డబ్బు కొత్త బాడీకి, దాంతో వచ్చే 35-80 జూమ్‌కి సరిపోయింది. మిగతా లెన్సులు తర్వాత కొందామనుకున్నాడు. ఆ కెమెరా మంచిదే, దాంట్లో లోపమేం లేదు. కానీ ఆ జూమ్ 80 దగ్గర ఎఫ్ 5.6. పాత 1.8 లెన్సు పూర్తిగా తెరిస్తే లోపలికి వచ్చే వెలుతురులో దాదాపు పదో వంతే దీన్లోకి వస్తుంది. అప్పట్లో మనకి దొరికే, వెలుతురు బాగా కావాల్సిన 100 ఏఎస్ఏ ఫిల్మ్‌తో ఇంట్లో ఏది తీయాలన్నా ఫ్లాష్ కొట్టాల్సిందే. సంక్రాంతికి మామ్మని తీశాడు. కళ్ళు ఎర్రగా, ముఖం తెల్లగా, వెనక గోడ మీద నల్లటి నీడ. ఆ ప్రింట్లు చూసి, "నా చేతిలో పస పోయిందే" అన్నాడు నాతో. పోయింది లెన్సురా, చెయ్యి కాదు. ఆ మాట చెప్పినా వినలేదు.

ఆ తర్వాత ఇంటి లోను, మామ్మ ఆపరేషన్, నీ స్కూలు ఫీజులు. కొందామనుకున్న లెన్సు ఎప్పటికీ రాలేదు. కెమెరాలో బ్యాటరీ అయిపోతే అది కూడా వేయించలేదు. నీ చిన్నప్పటి ఫొటోలు అన్నీ స్టూడియోలో, పూలకుండీ పక్కన నిలబెట్టి తీసినవే ఎందుకున్నాయో ఎప్పుడైనా అడిగావా? నీకు ఉద్యోగం వచ్చినప్పుడు అన్నయ్య ఏ వాచీయో కొనకుండా వెతికి వెతికి 50 ఎమ్ఎమ్ 1.8డి లెన్సు ఎందుకు కొనిచ్చాడో ఇప్పుడైనా అర్థమైందా? అమ్మే జాబితాలో అది కూడా ఉందని వదిన చెప్పినప్పుడు నాకు కోపం ఆగలేదు. దాన్ని తీసి పక్కన పెట్టు. ఎఫ్‌టీజెడ్ మీద దానికి ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. తిప్పుకో. మీ నాన్న అలాగే తీసేవాడు.

సరే, తిట్టడం అయింది. నిన్ను మారొద్దని చెప్పడం లేదు బంగారం. కొత్తది నీ చేతికి అలవాటు కాకముందే పాతది వదిలేయకు అంటున్నాను. ఏ6700, 200-600 హైదరాబాద్‌లో అద్దెకు దొరుకుతాయి. ఓ శని, ఆదివారాలకు తెచ్చుకుని, డి7500 కూడా పక్కనే పెట్టుకుని, ఒకే చెరువు దగ్గర ఒకే పిట్టని రెండింటితో తీసి చూడు. 200-600 రెండు కిలోల పైనే ఉంటుంది. పొద్దున్నించీ మోసాక నీ భుజం ఏమంటుందో కూడా చూసుకో. బిల్లు, ఇండియా వారంటీ లేనిది కొనకు. నో కాస్ట్ ఈఎమ్ఐ అని వదినకి ఏదో చెప్పావట. సరదా కోసం కొనే వస్తువుకి నెలనెలా వాయిదాలేమిట్రా? ఆ ఫొటో తీసేటప్పుడు కూడా వాయిదా గుర్తొస్తుంది. ఆన్‌లైన్లో అమ్మేటప్పుడు, డబ్బు పంపుతాను ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవడైనా అంటే ఫోన్ పెట్టేయ్. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ లెన్సు కొంటే మాత్రం, కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఇంకెక్కడైనా, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడు. లోపల సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు. ఇన్నేళ్ళు పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని, దీని గురించి నా మాట విను. ఆ బూజు వదిలే ఆమ్లం అద్దం మీది కోటింగుని తినేస్తుంది. తుడిపించినా మచ్చ మిగులుతుంది. తోలు సంచీలు తేమని పట్టి ఉంచుతాయి, వాటిలో లెన్సులు పెట్టకు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకో. ఈ సముద్రపు గాలిలో నా లెన్సులు అన్నీ అలాగే బతికాయి.

వీలైతే ఆ అద్దె కెమెరా పట్టుకుని ఇక్కడికే రా. శుక్రవారం రాత్రి గౌతమి రైలు ఎక్కితే తెల్లారేసరికి కాకినాడలో ఉంటావు. కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడుస్తూ కొమ్మల మధ్య లకుముకి పిట్టల్ని తీద్దాం. కొమ్మలు అడ్డొచ్చినప్పుడు ఏ కెమెరా కన్నుని పట్టుకుంటుందో అక్కడే తేలిపోతుంది. అన్నయ్యని కూడా తీసుకురా, నువ్వు పిలిస్తే వస్తాడు. ఆ కొనేవాడికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి ఒక నెల ఆగమని చెప్పు. ఆగనంటే పోనీ, ఇంకొకడు దొరుకుతాడు.

ఇట్లు,
మీ అత్త