ఇంటర్న్‌షిప్ గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొన్న దసరాకు మదనపల్లె వచ్చినప్పుడు మీ నాన్న నన్ను వసారాలో కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నకు అక్కడ నేను సరైన జవాబు చెప్పలేదు. వచ్చే జనవరి నుంచి ఆరు నెలల పాటు నువ్వు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లవచ్చా, లేక ఆరో సెమిస్టర్ కుదురుగా చదువుకుని క్యాంపస్ ప్లేస్‌మెంట్ల దాకా ఆగాలా అన్నది ఆయన సందేహం. చదువుకునే పిల్లకు పనితో ఏం పని అని బావ అన్నారు, మా క్లాసులో అందరూ వెళ్తున్నారు అని నువ్వన్నావు. ఆ రెండు మాటల్లో ఏదీ నాకు నచ్చలేదు. పండుగ పూట వాదన పెట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను కానీ, ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఇదే పనిలో ఉన్నవాడిగా నాకు తోచింది రాయకపోతే తప్పవుతుంది.

ముందుగా బావగారి మాట. ఇంజనీరింగ్ చదువును పనితో కలిపి నేర్పడం ఈ మధ్య పుట్టిన మోజు కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లోనే 27 మంది విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టాడు. వాళ్లు ఒక వారం తరగతిలో కూర్చుంటే మరుసటి వారం కర్మాగారంలో పని చేసేవారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఈ పద్ధతి మీదే పుట్టింది. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1973లో ప్రాక్టీస్ స్కూల్ పేరుతో దీన్ని తెచ్చింది. అక్కడి పిల్లలు రెండో ఏడాది ముగిశాక వేసవిలో సుమారు రెండు నెలలు, చివర్లో సుమారు ఐదున్నర నెలలు కంపెనీల్లో ఉంటారు, ఆ పనికి అధ్యాపకులే మార్కులు వేస్తారు. మూడు చోట్లా పనికి వెళ్లినవాడు మళ్లీ పుస్తకం దగ్గరికి రావడమో, పుస్తకం చెప్పిన పంతులే పనిని కూడా చూడడమో ఉంది. నీకు వచ్చిన అవకాశంలో ఆ ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్న అసలు మాట.

ఉన్న విషయం ఏమిటంటే, మీ కళాశాల విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది, అక్కడ హాజరు 85 శాతం ఉండాలన్న నియమం ఉంది. ఆరో సెమిస్టర్‌లో రోజంతా కంపెనీలో కూర్చుంటే ఆ హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? కంపెనీవారు ఆ సంగతి ఆలోచించరు, ఆలోచించవలసిన అవసరం కూడా వారికి లేదు. చివరి ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌కు మీ పాఠ్యప్రణాళికలోనే క్రెడిట్లు ఉన్నప్పుడు, ఇప్పుడు దొంగచాటుగా వెళ్లి బ్యాక్‌లాగులు తెచ్చుకోవడంలో తెలివి లేదు. కాబట్టి నీ స్థానంలో నేనుంటే ఆ కంపెనీకి మర్యాదగా ఒక మెయిల్ రాస్తాను: ఆరో సెమిస్టర్ పరీక్షలు అయ్యాక సెలవుల్లో పూర్తికాలం వస్తాను, పని మీకూ నాకూ నచ్చితే చివరి ఏడాదిలో కళాశాల అనుమతితో దీర్ఘకాలం చేస్తాను అని. ఆ మెయిల్ పంపేముందు మీ విభాగాధిపతిని కలిసి, ఎన్‌ఓసీ, అంటే కళాశాల అభ్యంతరం లేదనే పత్రం, ఏ సెమిస్టర్‌కు ఇస్తారో ఆయన నోటితోనే విను. సీనియర్లు చెప్పింది నమ్మవద్దు, వాళ్ల స్కీము, అంటే పాఠ్యప్రణాళిక, వేరు, మీ స్కీము వేరు. (విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరైన మోక్షగుండం మన ఆంధ్రప్రదేశ్‌లోని ఊరే. ఆయన పేరున్న విశ్వవిద్యాలయంలో చదువుతూ అది తెలియకపోతే మీ తాతయ్య ఊరుకునేవారు కాదు.)

ఇక ఎలాంటి కంపెనీ అన్న సంగతి. మీ వయసు పిల్లలు మొదట పేరు చూస్తారు, తరవాత స్టైపెండ్ చూస్తారు. నేను అడగమనేది వేరే ప్రశ్న: నేను రాసిన కోడ్‌ను రోజూ ఎవరు చదువుతారు? ఇంటర్వ్యూ చివర్లో, ఏమైనా అడగాలా అని వాళ్లే అడుగుతారు కదా, అప్పుడు ఈ మాట అడుగు. ఫలానా ఇంజనీరు నీకు మెంటర్‌గా ఉంటారు, ప్రతి మార్పుకూ కోడ్ రివ్యూ జరుగుతుంది అని పేరు చెప్పి మరీ చెప్పగలిగితే అది మంచి చోటు. అందరం కలిసి నేర్చుకుంటాం, ఇక్కడ కుటుంబంలా ఉంటాం అన్న జవాబు వస్తే కాస్త ఆలోచించు.

దీన్ని నేను నా ఒంటి మీద నేర్చుకున్నాను. 1998లో ఒక పెద్ద కంపెనీలో ట్రెయినీగా చేరాను, పేరు ఎందుకులే. 2000 సంవత్సరం రాబోతోందని, రెండు అంకెలతో రాసిన సంవత్సరాన్ని నాలుగు అంకెలుగా మార్చే పని అప్పట్లో ఊరంతా నడుస్తోంది. ఏసీ గదిలో కూర్చోబెట్టి కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలోని ఫైళ్లు ఇచ్చారు, ఎక్కడ మార్చాలో ఒక జాబితా ఇచ్చారు. ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో, ఆ తేదీ తప్పయితే ఎవరికి ఏ నష్టమో ఆరు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చివర్లో దళసరి కాగితం మీద అనుభవ పత్రం ఇచ్చారు. మరుసటి ఇంటర్వ్యూలో ఆ వ్యవస్థ గురించి రెండు వాక్యాలు చెప్పమంటే నోరు పెగల్లేదు.

దానికి ఎదురుగా ఇంకొకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను ఒక చిన్న సంస్థలో ఉండగా పాల బూత్‌ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. రోజువారీ మొత్తం ఏజెంట్ల చిట్టా పుస్తకంతో ఏనాడూ కలిసేది కాదు, నెల మొత్తం మాత్రం దాదాపు సరిపోయేది. నాతో సహా పెద్దవాళ్లమంతా ఏజెంట్లు తప్పుగా రాస్తున్నారని తీర్మానించుకున్నాం. అప్పుడు నీ వయసే ఉన్న ఒక ఇంటర్న్, తన హాస్టల్ పక్కనున్న పాల బూత్‌కు తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లి ఆ లెక్కను కళ్లారా చూసి వచ్చింది. అమ్మకంలో సగం ఐదున్నరలోపే అయిపోతోంది. మా సర్వర్ సమయాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో దాచుకుంటుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మిన పాలు మా లెక్కలో సోమవారం రాత్రి పదకొండుకు అమ్మినట్టు పడుతున్నాయి. నెలలో ఒక పొద్దు ఈ చివర కలిసి, ఒక పొద్దు ఆ చివర జారిపోతుంది కనుక నెల మొత్తంలో తేడా కనబడలేదు. దిద్దుబాటు ఒక్క వరుస. ఆ అమ్మాయికి మాకంటే ఎక్కువ ప్రోగ్రామింగ్ రాదు, ఆ సంఖ్య ఎక్కడ పుడుతుందో చూడాలన్న పట్టుదల మాత్రం మాలో ఎవరికీ లేకపోయింది. తరవాత తన ప్రాజెక్టు నివేదికలో ఆ ఒక్క తప్పు గురించే నాలుగు పేజీలు రాసింది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తనను అందరూ అడిగింది కూడా దాని గురించేనట.

అందుచేత చేరిన మొదటి రోజు నుంచి ఒక మామూలు నోటుపుస్తకం పెట్టుకో. ఆ రోజు ఏం చేశావు, ఏది అర్థం కాలేదు, ఎవరిని ఏం అడిగావు అని సాయంత్రం పది నిమిషాలు రాసుకో. మొదటి రెండు వారాలు కొత్త కోడ్ రాయాలని తొందరపడకుండా, ఉన్న కోడ్ చదువు. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో ఒక్కో మార్పు వెనక రాసిన సందేశాలు పాతవాటి నుంచి చదువుకుంటూ వస్తే ఆ సంస్థ చరిత్ర తెలుస్తుంది, ఎక్కడ దెబ్బలు తిన్నారో కూడా తెలుస్తుంది. సందేహం వస్తే అరగంట నువ్వే వెతుకు. దొరక్కపోతే ఇది చూశాను, ఇలా ప్రయత్నించాను, ఇక్కడ ఆగిపోయాను అని చెప్పి అడుగు. ఏమీ ప్రయత్నించకుండా అడిగేవాళ్ల మీద విసుగు పుడుతుంది, మూడు రోజులు మౌనంగా కూర్చునేవాళ్ల మీద భయం పుడుతుంది.

కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాల గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. వాటిని వాడవద్దని నేను అనను, మేమూ వాడుతున్నాం. అయితే అది ఇచ్చిన ప్రతి వరుస ఎందుకుందో రివ్యూలో నువ్వే చెప్పగలగాలి, చెప్పలేని వరుసను నీ పేరుతో పంపకు. కంపెనీ కోడ్‌ను వారి అనుమతి లేకుండా బయటి సాధనంలో అతికించడం నువ్వు సంతకం చేసిన ఒప్పందానికి విరుద్ధం కావచ్చు, ముందే అడిగి తెలుసుకో.

పనిలో ఎదురైన ప్రతి చిక్కుకూ పాఠ్యపుస్తకంలో ఒక పుట ఉంటుందని నమ్మి వెతుకు. పేజీ తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతోందంటే డేటాబేసుల పాఠమైన డీబీఎంఎస్‌లో ఇండెక్సుల అధ్యాయం తీయి. ఇద్దరు ఒకే సీటు బుక్ చేసుకోగలిగారంటే ట్రాన్సాక్షన్లు, లాకులు చదువు, దాని మూలం ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో నువ్వు పరీక్ష కోసం బట్టీ పట్టిన చోటే ఉంది. రిలేషనల్ డేటాబేసుల ఆలోచనను ఎడ్గర్ కాడ్ ప్రచురించింది 1970లో. నేను వచ్చాక ఎన్ని భాషలు, ఫ్రేమ్‌వర్కులు వచ్చి పోయాయో లెక్క లేదు కానీ, ఈ రోజు పొద్దున కూడా నేను ఆ డేటాబేసుల భాషైన ఎస్‌క్యూఎల్ రాశాను. కంపెనీలో వాడే సాధనం కంపెనీయే నేర్పుతుంది, ఈ పాఠాలు మళ్లీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఆరో సెమిస్టర్ వదులుకోవద్దని నేను అనడానికి హాజరు కంటే ఇదే పెద్ద కారణం.

నీ స్నేహితురాలు డబ్బు కట్టి ఇంటర్న్‌షిప్ తీసుకుందని చెప్పావు. పని నేర్చుకునేవారి దగ్గర ఫీజు తీసుకుంటే అది శిక్షణ తరగతి, దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. వాళ్లిచ్చే సర్టిఫికెట్‌ను మా వంటివాళ్లం రెజ్యూమెలో చూసీ చూడనట్టు దాటేస్తాం. అంతకంటే ప్రమాదకరమైనది దొంగ అనుభవం. అమీర్‌పేటలోనూ, ఇక్కడ మారతహళ్లిలోనూ మనవాళ్లే మన పిల్లలకు రెండు మూడేళ్ల అనుభవ పత్రాలు అమ్ముతారు. 2014లో పీఎఫ్ ఖాతాలకు, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ సంఖ్య వచ్చాక ఎవరు ఎప్పుడు ఎక్కడ పని చేశారో సరిచూడడం తేలికైపోయింది. చేరిన నాలుగో నెలలో బ్యాగు సర్దుకుని వెళ్లిపోయిన కుర్రాళ్లను నేను చూశాను. ఆ పత్రం కోసం వాళ్ల నాన్నలు చేసిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉండిపోయింది.

రాకపోకల సంగతి తక్కువగా చూడకు. నీ హాస్టల్ బనశంకరిలో, ఆ కంపెనీ వైట్‌ఫీల్డ్‌లో. గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్‌కు వెళ్లి, అక్కడ పర్పుల్ లైన్‌కు మారి, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. సెలవుల్లో రెండు నెలలైతే నెట్టుకురావచ్చు. చివరి ఏడాది దీర్ఘకాలం చేసేటట్టయితే హాస్టల్ వదిలి ఆ దగ్గర్లో పీజీ వసతికి మారాలి, అప్పుడు స్టైపెండ్‌లో అద్దె, భోజనం పోగా మిగిలేది ఎంతో మీ నాన్నకు కాగితం మీద చూపించు. ఆయన ముందు లెక్క పెడితే సగం అభ్యంతరం పోతుంది. ఒకవేళ చదువు ముగిసేసరికి ఏదీ కుదరకపోయినా, 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద పట్టభద్రులకు ఏడాది పాటు స్టైపెండ్‌తో శిక్షణ ఇచ్చే జాతీయ పథకం ఉందని, దక్షిణాది రాష్ట్రాలకు దాని కార్యాలయం చెన్నైలో ఉందని కూడా ఆయనకు చెప్పు.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా. ఆర్‌వీ రోడ్ స్టేషన్‌లో ఎల్లో లైన్ ఎక్కితే ఎలక్ట్రానిక్ సిటీలో దిగవచ్చు, స్టేషన్‌కు నేను వస్తాను. ఆ కంపెనీ పంపిన ఆఫర్ లెటర్, మీ స్కీము ప్రతి రెండూ తెచ్చుకో. లెటర్‌లో బాండ్ గురించి గానీ, మధ్యలో మానేస్తే కట్టవలసిన సొమ్ము గురించి గానీ, అసలు సర్టిఫికెట్లు వారి దగ్గర ఉంచడం గురించి గానీ ఏమైనా ఉంటే పెన్సిల్‌తో గీత గీసి ఉంచు. మనం కూర్చుని చూసేదాకా దేని మీదా సంతకం పెట్టవద్దు. మీ అత్తయ్య ఉలవచారు చేస్తానంటోంది, పొద్దున్నే బయలుదేరు.

ఇట్లు,
నీ మేనమామ